పచ్చ క్లిప్పు కింద చీటీ

పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం, ఎండోస్కోపీ గదిలో గొట్టం కడుగుతుండగా, దీదీ పోయారని ఫోన్ వచ్చింది. చేతులకు గ్లవ్స్ ఉన్నాయని స్పీకర్ పెట్టాను. ఆవిడ కూతురు. "భయ్యా, అమ్మ ఎల్లిపోనాది," అంది, అంతే. నేను సరే అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా సరే అంటారా? నేనన్నాను. తర్వాత ఆ గొట్టాన్ని మొదటి నుంచి మళ్ళీ కడిగాను. సగంలో వదిలేస్తే ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

దీదీ మా గదికి ఇన్‌ఛార్జి సిస్టర్. పోర్ట్‌బ్లెయిర్‌లో సిస్టర్లందరినీ దీదీ అనే పిలుస్తాం గానీ, మా ఆస్పత్రిలో ఊరికే దీదీ అంటే ఆవిడే. మా తాతల్లాగే వాళ్ళ తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. అందరితో హిందీలో మాట్లాడి, నా దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగేవారు. అది ప్రేమ అనుకునేరు. తిట్టడానికి సొంత భాషే సుఖమని ఆవిడే చెప్పారు.

నేను ఆ గదిలో టెక్నీషియన్ని. గొట్టాలు సిద్ధం చేయడం, కడగడం, డాక్టరుగారికి సాయం చేయడం నా పని. పుట్టు పిరికివాణ్ణి కూడా. కరోనా వచ్చిన కొత్తలో నా పిరికితనానికి తగ్గ ఉద్యోగమే దొరికింది. నోట్లోంచి గొట్టం దింపితే ఎంతటివాడైనా దగ్గుతాడు, డోకుతాడు. దగ్గు వినపడితే ఊరంతా రోడ్డు దాటి పోతున్న రోజుల్లో మేము ఆ దగ్గుకి జానెడు దూరంలో నిలబడాలి. అన్నిటికంటే ప్రమాదం పేషెంటు తల పట్టుకుని నిలబడే చోటు. అది దీదీది. ఇంకెవర్నీ నిలబడనిచ్చేవారు కాదు. ఒళ్ళంతా కప్పే పీపీఈ కిట్ వేసుకుంటే ఎవరు ఎవరో తెలియదని, ఛాతీ మీద మార్కర్‌తో 'దీదీ' అని హిందీలో రాసుకునేవారు. వేసుకునే ముందు చిన్న బెల్లం ముక్క నోట్లో పడేసుకునేవారు. నాకూ ఒకటి పెట్టేవారు.

కిట్లు మెయిన్‌లాండ్ నుంచి రావాలి. ఒక మనిషికి చేశాక గదిలో గాలి మారేదాకా ఆగి, అంతా తుడిచి, అప్పుడు ఇంకో మనిషిని పిలవాలి. రోజుకి ఇద్దరు ముగ్గురికి మించి కుదరదు. అందుకని ఎవరు ముందు, ఎవరు ఆగొచ్చు అన్నది డాక్టరుగారూ దీదీ కలిసి తేల్చేవారు. దీదీ ఇంటి నుంచి మూడు బట్టల క్లిప్పులు తెచ్చి, గోడకి కట్టిన తాడుకి తగిలించారు. రక్తం కక్కినవాళ్ళ చీటీ, గొంతుకేదైనా అడ్డుపడినవాళ్ళ చీటీ ఎర్ర క్లిప్పు కింద. వాళ్ళకి ఆ రోజే. ఈ వారంలో చేసి తీరాల్సినవి పసుపు క్లిప్పు కింద. గ్యాసు, మంట, త్రేన్పులు పచ్చ క్లిప్పు కింద.

"పచ్చ అంటే ఆగొచ్చని. మర్సిపోవచ్చని కాదు, తెలిసిందా?" అనేవారు.

పచ్చ క్లిప్పు వాళ్ళకి రోజూ పొద్దున్నే ఫోన్ చేయడం నా పని. మొదటి రోజు డెలానీపూర్‌లో కిరాణా కొట్టు నడిపే తెలుగాయనకి చేసి, బాగున్నారా అని అడిగాను. "ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్," అన్నాడు. బాగున్నారు అని చీటీ మీద రాశాను. దీదీ చూసి ఫోన్ లాక్కుని మళ్ళీ ఆయనకే చేశారు.

"రాత్రి ఏటి తిన్నారు?"

"గంజి, దీదీ."

"మొన్న?"

"గంజే."

"అటు మొన్న?"

అదీ గంజే. ముద్ద దిగడం లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆస్పత్రిలో పడేస్తారని, కరోనా అంటుకుంటుందని భయం. దీదీ చీటీ తీసి పసుపు క్లిప్పు కింద పెట్టారు. ఆయన అన్నవాహికలో గడ్డ దొరికింది, సమయానికే దొరికింది. ఇప్పటికీ కొట్లో కూర్చుంటున్నాడు.

"బాగున్నావా అని అడక్కు. మన టాపుల్లో అందరూ బాగానే ఉంటారు, సచ్చేదాకా," అన్నారు దీదీ. "రెండే అడుగు. ఏటి తిన్నావు, ఇంటి మెట్లు ఎక్కినప్పుడు ఎన్ని పాలి ఆగినావు."

టాపులంటే మా దీవులు. ఇక్కడ ఇళ్ళు ఎక్కువగా గుట్టల మీదే. మెట్లు తప్పవు. కడుపులో నెత్తురు కారుతున్న మనిషి నోటితో అబద్ధం చెప్పగలడు గానీ మెట్ల మీద చెప్పలేడు, ఆయాసం ఆపేస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, ఆవిడ పద్ధతి.

ఇక నా తప్పు చెప్పాలి. అమ్మ నీళ్ళకి అవతలి ఒడ్డున, బాంబూఫ్లాట్ అనే ఊళ్ళో ఒక్కతే ఉండేది. చాతం రేవులో ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో ఇల్లు. అయినా రెండు నెలలుగా వెళ్ళలేదు. ఒంటి మీద ఏం మోసుకెళ్తానో అని భయం. అమ్మకి కడుపు మంట ఉంది, మోకాళ్ళ నొప్పులకి రోజూ మాత్రలు మింగేది. అమ్మ చీటీ కూడా పచ్చ క్లిప్పు కిందే ఉంది. ఒకరోజు ఫోన్లో, "దొడ్డికెల్తే నల్లగా తారులాగ అవుతోందిరా," అంది. అది కడుపులో కారుతున్న నెత్తురని నాకు తెలుసు. ఆ గదిలో పనిచేసే ఎవరికైనా తెలుసు. కానీ అమ్మ ఐరన్ మాత్రలు కూడా వేసుకుంటోంది. వాటికీ నల్లగా అవుతుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ గదిలోకి, ఆ దగ్గుల మధ్యకి అమ్మని తీసుకురావడం నా వల్ల కాదనుకున్నాను. చీటీ మీద 'బాగుంది' అని రాశాను. మూడు రోజులు వరసగా రాశాను.

నాలుగో రోజు దీదీ ఆ చీటీ తీసి నా వంక చూశారు. "రోజూ ఒకే మాటేటి?" అని అమ్మకి స్వయంగా ఫోన్ చేశారు.

"ఏటి తిన్నావు పిన్నీ?"

"ఏదో తిన్నాలే అమ్మా."

"మెట్లెక్కినప్పుడు ఎన్ని పాలి ఆగినావు?"

"ఎక్కడెక్కినాను? నిన్న సగంలో కూకుండిపోతే పక్కింటోలు ఎత్తుకెల్లినారు."

దీదీ ఫోన్ పెట్టేసి చీటీని ఎర్ర క్లిప్పు కింద పెట్టారు. నేను ఏడ్చాను. ఇక్కడికి తేవొద్దు, అమ్మ చచ్చిపోతుంది అన్నాను. "భయం నీది, కడుపు ఆవిడది," అన్నారు. తర్వాత మెత్తగా, "భయం అందరికీ ఉంటాది తమ్ముడూ. లైన్లో అందరికంటే ఎనక నిలబెట్టాల, అంతే," అన్నారు.

ఆ మధ్యాహ్నం అమ్మని తీసుకొచ్చారు. కిట్‌లో ఉన్న నన్ను గుర్తుపట్టలేదు. నన్ను గోడ దగ్గర నిలబెట్టి, దీదీ అమ్మ తల పట్టుకున్నారు. అమ్మ దగ్గిన ప్రతిసారీ ఆవిడ ఇంకా దగ్గరికి వంగి, "అయిపోనాది పిన్నీ, అయిపోనాది," అంటూనే ఉన్నారు. తెర మీద పుండు, దాంట్లోంచి ఊరుతున్న నెత్తురు కనిపించాయి. డాక్టరుగారు దాన్ని ఆపారు. ఇంకో రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

దీదీ రిటైరై గరాచర్మలో కట్టుకున్న కొత్త ఇంటికి వెళ్ళిపోయారు. ఫోన్లు తగ్గాయి. పోయిన దీపావళికి చేసి, బాగున్నారా దీదీ అని అడిగాను.

"ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్," అన్నారు.

ఆ కిరాణా కొట్టాయన్ని వెక్కిరిస్తున్నారనుకుని నవ్వాను. ఆవిడా నవ్వారు. గొంతు కాస్త బొంగురుగా ఉంది. ఇద్దరం అలా నవ్వుకుని ఫోన్ పెట్టేశాం.

కబురు అందిన రోజే అమ్మ కూడా ఫెర్రీలో వచ్చింది. గరాచర్మలో దీదీ ఇంటి మెట్లు ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కింది. నేనే రెండుసార్లు ఆగాను. లోపల దీదీ కూతురు అమ్మని పట్టుకుని చెప్పింది. "ఎన్నో నెలలై గంజే తాగినాది మామ్మా. నోరు బాలేదంటే నిజమే అనుకున్నాం."

నీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళాను. కిటికీకి అడ్డంగా తాడు, దానికి అవే రంగుల క్లిప్పులు. ఎర్ర క్లిప్పు ఖాళీ. పసుపు దాని కింద కరెంటు బిల్లు. పచ్చ దాని కింద నాలుగు మడతలు పెట్టిన చీటీ. విప్పాను. వేరే డాక్టరు రాసింది. మింగడం కష్టంగా ఉంది, వెంటనే ఎండోస్కోపీ చేయించాలి అని ఉంది. తేదీ దీపావళికి ముందుది.

ఆ గొట్టం ఎలా దిగుతుందో, దిగాక తెర మీద ఏం కనిపిస్తుందో ఆవిడకంటే ఎక్కువగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఆవిడకీ భయం వేసింది. నన్నెవరూ అడగకపోతే బాగుండునని నేను మూడు రోజులు అనుకున్నట్టే ఆవిడా అనుకుని ఉంటారు. రాత్రి ఏం తిన్నారు దీదీ అని నేను ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

చీటీని మళ్ళీ మడిచాను. పచ్చ క్లిప్పు కింద పెట్టబోయి ఆగి, ఎర్ర క్లిప్పు కింద పెట్టాను. కిటికీలోంచి వచ్చే గాలికి అది అక్కడే ఊగుతూ ఉంది.