అత్తయ్యను పలికించిన రాక్షసుడు

నిరుడు తిరువూరులో మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒకరాత్రి ఆవిడకు నిద్ర పట్టకపోతే టీవీ పెట్టాను. పాత నలుపు తెలుపు రాక్షసుడి సినిమా రెండో భాగం వస్తోంది. మొదటి భాగంలో చచ్చాడనుకున్న వాడు బురదలోంచి లేచాడు. భయపడతారేమోనని రిమోట్ అందుకుంటే, అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. తెరమీద ఒక పిల్ల దీపంతో ఒంటరిగా నడుస్తోంది, వాడు వెనకే వస్తున్నాడు.

"వెనక్కి చూడవే పిల్లా" అని అత్తయ్య అరిచారు. మాట ముద్దగా ఉన్నా బాగా అర్థమైంది.

కేక విని మావారు పరుగున వచ్చి, టీవీకి అడ్డంగా నిలబడి, "అమ్మా, ఇంకోసారి మాట్లాడమ్మా" అని ఏడ్చేశారు.

"అడ్డు తప్పుకోరా" అన్నారావిడ.

ముగ్గురం సినిమా చివరిదాకా చూశాం. రాక్షసుడు ఏమయ్యాడో గుర్తులేదు కానీ, అత్తయ్య గొంతు మళ్లీ విన్న ఆ సంతోషాన్ని ఎన్నటికీ మరువలేను.