మా అల్లుడు కాచుకున్న పీపా

మా ఊరి పూరిపాక బడిలో అయిదో తరగతి దాకా చదివాను. డిక్టేషన్‌లో ఒక్క తప్పూ లేకుండా రాసేది మంగ ఒక్కతే అని పంతులుగారు అందరి ముందూ నన్ను చూపించి చెప్పేవారు. రెండుసార్లు మహిళా సంఘానికి అధ్యక్షురాలినయ్యాను. ఊళ్ళో సారా దుకాణానికి తాళం వేయించిన ఆడవాళ్ళలో మొదటి వరసలో నిలబడ్డాను. కలెక్టరుగారు వస్తే మైకు పట్టుకుని చీటీ చూడకుండా మాట్లాడాను. అటువంటి నేను ఈ రోజు విస్కీ కాచే మనిషి గురించి రాస్తున్నాను. ఆ మనిషి నా అల్లుడు కమలాకర్. పేపర్లో ఫొటో పడే మనిషి కాడు. అయినా రాయదగినవాడు.

కమలాకర్‌ది పొదలకూరు వైపు. తండ్రికి పిండిమర ఉంది. బాపట్లలో చదువు ముగించి, పై చదువుకి జర్మనీ వచ్చి డెగ్గెన్‌డార్ఫ్‌లో చేరాడు. చదువుకుంటున్నప్పుడే ఊరి బయట కీర్‌మయర్ అనే పెద్దాయన దగ్గర పీపాలు కడిగే పనికి కుదిరాడు. ఆ పెద్దాయన రైతు. తాతల నాటి నుంచి వాళ్ళింట్లో ఆపిల్ పళ్ళూ బేరి పళ్ళూ పులియబెట్టి మందు దించుతారు. చదువు అయ్యాక తోటి పిల్లలందరూ కంప్యూటర్ల వైపు పోతే ఇతను మాత్రం ఆ కొట్టంలోనే ఉండిపోయాడు.

సంబంధం మాట్లాడినప్పుడు ఫుడ్ కంపెనీ అన్నారు. నేను బిస్కెట్లనుకున్నాను. పెళ్ళయిన తర్వాత ఒక రోజు ఫోన్లో అడిగాను.

"మీ కంపెనీలో ఏం చేస్తారు నాయనా?"

"మొక్కజొన్న రసం అత్తయ్యా."

"పసిపిల్లలకా?"

"పద్దెనిమిదేళ్ళు దాటిన పసిపిల్లలకి."

వెనకాల నా కూతురు గీతిక పకపకా నవ్వింది. విషయం నాకు అర్థమైంది. నెల రోజులు అతనితో మాట్లాడలేదు.

2020 ఫిబ్రవరిలో కూతురిని చూడడానికి వచ్చాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. గీతిక ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్ళో ఉన్న తన ఆఫీసు పనంతా వంటింటి బల్ల మీద పెట్టుకుంది. నేను ఊరికే కూర్చునే దాన్ని కాను. చెత్తను ఏ రంగు డబ్బాలో వెయ్యాలో వారంలో నేర్చుకున్నాను. పక్కింటి జర్మన్ ఆవిడ తప్పు డబ్బాలో వేస్తే నేనే తీసి సర్దాను.

ఒక సాయంత్రం కమలాకర్ పని నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోటికి పోవడం లేదు.

"ఏంది నాయనా, పెళ్ళికి పిండి కలిపినట్టు అట్టా కలపతానే ఉండావు?"

"నా పీపా పోతాంది అత్తయ్యా."

"ఎవురెత్తుకుపోతున్నారు?"

"కరోనా."

అప్పుడు చెప్పాడు. అమెరికాలో బోర్బన్ అనే విస్కీ ఉందట. అందులో సగానికి పైగా మొక్కజొన్నే. ఆ పద్ధతిలో ఇక్కడ చేద్దామని మూడేళ్ళ నాడు యజమానిని బతిమాలి ఒక్కటంటే ఒక్క పీపా నింపాడు. ఆ పేరు అమెరికావాళ్ళ సొంతం కాబట్టి ఇక్కడ మొక్కజొన్న విస్కీ అనే చెప్పుకోవాలి. అదైనా మూడేళ్ళు పీపాలో నిలవుంటేనే విస్కీ అనాలని ఇక్కడి చట్టం. మే నెలకి మూడేళ్ళు నిండుతాయి. అది రుచిగా వస్తే పెద్దాయన మొక్కజొన్న పని సాగనిస్తాడు. లేకపోతే మళ్ళీ పళ్ళే.

ఇంతలో ఈ జబ్బు వచ్చింది. మందుల షాపులో చేతులకు రాసుకునే స్పిరిట్ అయిపోయింది. ఆసుపత్రివాళ్ళూ అడుగుతున్నారు. కీర్‌మయర్ తన దగ్గరున్నదంతా ఇచ్చేశాడు. ఇక మిగిలింది ఆ పీపా. సోమవారం దాన్ని మళ్ళీ బట్టీలో పోసి కాచి, స్పిరిట్ తీసి ఇచ్చేద్దామన్నాడు.

"కాదనలేను కదత్తయ్యా. జనం చస్తా ఉంటే నా విస్కీ అని ఎట్టా అనేది?"

"కాచేది ఎంతసేపు?"

"ఒక్క రోజు. కాచుకునేదే మూడేళ్ళు."

ఆ మాట నాకు తగిలింది. దుకాణం మూయించడానికి నేనూ ఎండలో కాచుకుని కూర్చున్నదాన్నే. ఆ కూర్చోవడం ఎంత బరువో నాకు తెలుసు.

"కొత్తగా కాచి ఇవ్వకూడదా? మొక్కజొన్నలు లేవా?"

"గింజలుండాయి. మనుషులే లేరు. నాతో పనిచేసే అతను క్వారంటీన్‌లో ఉండాడు. వారం గడువిస్తే నేనొక్కడినే…"

"ఒక్కడివెందుకయ్యా? నేను లేనా?"

గీతిక కంప్యూటర్ మీద నుంచి తలెత్తింది. "అమ్మా! నువ్వా? సారా కాచడానికా? మీ సంఘం వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేదా?"

"చెప్పవే. చేతులు కడుక్కునే మందు కాస్తన్నానని చెప్పు. ఆసుపత్రికని కూడా చెప్పు."

కమలాకర్ అప్పటికప్పుడు యజమానికి ఫోన్ చేశాడు. జర్మన్‌లో ఏమేమో అన్నాడు. పెట్టేసి, "షెఫ్ వారం ఇచ్చాడు. అప్పటికి మందుల షాపు డబ్బాలు నిండకపోతే పీపా పోసెయ్యాల్సిందే అన్నాడు" అని చెప్పాడు. షెఫ్ అంటే ఇక్కడ యజమాని.

మర్నాటి నుంచి మూతికి గుడ్డ కట్టుకుని కొట్టానికి వెళ్ళాను. మొక్కజొన్న పిండిని పెద్ద గంగాళంలో గంజిలా ఉడికించాలి. అడుగంటకుండా కలపడం నా పని. ఊరి పెళ్ళిళ్ళలో సంకటి కెలికిన చేతులివి. గంగాళంలో మరతో తిరిగే కర్ర ఉన్నా మూలలకి అది అందదు, నా తెడ్డు అందుతుంది. గంజి కొంచెం చల్లారాక రై అనే ధాన్యం పిండి, ఆపైన మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పిండి వేస్తారు. కాసేపటికి చప్పటి గంజి తియ్యగా మారిపోతుంది. నేను వేలితో నాకి చూసి, "చక్కెర ఎప్పుడేశావు?" అని అడిగాను.

"నేనెయ్యలేదు. ఆ మొలకలే గంజిని చక్కెర చేస్తాయి."

తర్వాత ఈస్టు వేసి వదిలేస్తే అది నురగలు కక్కుతూ పులుస్తుంది. పోయినసారి బట్టీలో మిగిలిన పుల్లని నీళ్ళు కొంచెం దాచి ఇందులో పోస్తారు. పులుపు ఉంటే వేరే చెడు చేరదట. పులిసిందాన్ని రాగి బట్టీలో పోసి కాస్తే ఆవిరి పైకెక్కి, చల్లబడి, గొట్టంలోంచి సన్నగా నీళ్ళలాగే దిగుతుంది. మొదట దిగేది పనికిరాదని కమలాకర్ పక్కకి తీసేశాడు. ముక్కు పెట్టి చూసి, ఇక మంచిది వస్తోందని వేరే డబ్బా పెట్టాడు. ఆ పని చేసేటప్పుడు అతను మాట్లాడడు. పిలిచినా పలకడు.

కీర్‌మయర్ దూరంగా గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఒకసారి నన్ను చూపించి ఏదో అన్నాడు.

"ఏమంటాడు?"

"మీ అత్తగారికి ఈ పని ముందు నుంచీ తెలుసా అంటన్నాడు."

"తెలుసు, సారా బట్టీలు పగలగొట్టిన అనుభవం ఉందని చెప్పు."

అతను నిజంగానే చెప్పాడు. పెద్దాయన ఉలిక్కిపడి రాగి బట్టీ వైపు చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు.

గడువులోపల డబ్బాలు నిండాయి. మందుల షాపువాళ్ళు వచ్చి ఎత్తుకుపోయారు. పీపా దాని చోటే ఉంది.

మే నెలలో దాన్ని తెరిచే రోజు కమలాకర్ నన్నూ గీతికనూ తీసుకువెళ్ళాడు. ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన కొత్త పీపాను లోపల మంట పెట్టి బొగ్గయ్యేదాకా కాల్చి, అందులో పోస్తారట. నీళ్ళలా తెల్లగా పోసింది టీ డికాక్షన్ రంగులో బయటికి వచ్చింది. పీపా నిండుగా లేదు. ఎక్కడికి పోయిందని అడిగితే, కొంత చెక్క పీల్చుకుంది, కొంత గాలిలో కలిసిపోయిందన్నాడు. చెక్క తాగింది, గాలి తాగింది, ఇక షెఫ్ తాగుతాడు. తాగనిది నేనొక్కదాన్నే.

నాలుక మీద పెట్టలేదు. నా మాట నాది. కమలాకర్ నా అరచేతిలో ఒక చుక్క వేసి రుద్దమన్నాడు. ముందు ముక్కు మండింది. ఆరిన తర్వాత వాసన చూస్తే, అరిసెలకి పాకం ముదురుతున్నప్పుడు వచ్చే వాసన. దాని వెనక నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు. ఐస్‌క్రీమ్ వాసన, ఎండుకొబ్బరి. గీతిక ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"ముందు తియ్యగా ఉందమ్మా. మధ్యలో మిరియం కొరికినట్టు మండింది."

"ఆ మంట రైది," అన్నాడు కమలాకర్. "మింగినాక?"

"కాలిన చెక్క. కొంచెం వగరు. ఒళ్ళంతా వెచ్చగా ఉంది."

ఇక కీర్‌మయర్ వంతు. గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, తాగాడు, కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో పట్టుకుని చూశాడు. కమలాకర్ చేతులు వెనక్కి కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. నేను మైకు ముందు కూడా అంత బిగుసుకుని నిలబడలేదు. పెద్దాయన మళ్ళీ కొంచెం పోసుకుని తాగాడు. అప్పుడు ఒకే ఒక్క మాట అన్నాడు.

"పస్ట్."

"అంటే?" అని గీతికని గిల్లాను.

"సరిపోయింది అని. వీళ్ళు ఇంతకు మించి పొగడరమ్మా."

పెద్దాయన టోపీ పెట్టుకుని మమ్మల్ని వెనకాల చేనుకి నడిపించుకుపోయాడు. బీట్‌రూట్ వేద్దామని దున్ని పెట్టిన మడి ఒకటి ఖాళీగా ఉంది. ఈ గట్టున ఆయన, జబ్బు భయంతో ఆ గట్టున కమలాకర్, ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. కమలాకర్ ఒక్కసారిగా మా వైపు తిరిగాడు.

"అత్తయ్యా, ఈ మడంతా మొక్కజొన్నేనంట! రెండు పీపాలకి ఆర్డర్ పెట్టమన్నాడు!"

"అయితే నిలబడి చూస్తావేంది? విత్తనాలు ఎక్కడుండాయో అడుగు," అన్నాను.