ఆయుష్షు లెక్కగట్టిన సార్

మా సార్ పోయారన్న కబురు ఆయన ఇంటినుంచి రాలేదు. పత్తర్‌గట్టిలో ఒకప్పుడు అత్తరు దుకాణం నడిపిన చాచా ఫోన్ చేశారు. "మీ సార్ ఇగ లేడు బేటా. గుండె ఆగింది," అన్నారు. చాచా కంటే సార్ చాలా చిన్నవారు. ఆ మాట చెప్పడానికి పెద్దాయన సిగ్గుపడుతున్నట్టు తోచింది.

మనుషులు ఎన్నాళ్లు బతుకుతారో అంచనా కట్టడం మా ఇన్సూరెన్స్ ఆఫీసులో మా పని. నాకు ఆ పని నేర్పింది సారే. మాది జహనుమాలో పాలవ్యాపారం చేసే ఇల్లు, అందుకని ఏదైనా బర్రెలతోనే చెప్పేవారు. "ఒక బర్రె ఒట్టిపోతది, ఇంకోటి ఈనుతది. బిందెల పాలు సరిపోతయి. గని ఎండలు ముదిరితే అన్నీ ఒక్కసారే తగ్గుతయి. అప్పుడు ఇంకో నాలుగు బర్రెలు కొన్నా ఫాయిదా లేదు." పింఛను నిధీ అంతే. ఒకరు ఎక్కువ బతికితే ఇంకొకరు ముందే పోతారు, లెక్క సరిపోతుంది. అందరి ఆయుష్షూ కలిసి పెరుగుతూ పోతే మాత్రం ఎంతమందిని చేర్చుకున్నా సరిపోదు. ఏటా కొత్త వివరాలు రాగానే పాత అంచనా ఎంత తప్పిందో చూసి, వచ్చే ఏడు ఇంకెంత తప్పవచ్చో తేల్చేవారు. "తప్పితే ఖుషీనే, మంది బతికిన్రు. గని వాళ్ల బువ్వ మనం దాచిపెట్టాలె గద," అనేవారు.

పత్తర్‌గట్టిలో చాచా వాళ్ల వ్యాపారుల సంఘం తమ ముసలివాళ్లకు బతికినంతకాలం నెలనెలా కొంత ఇచ్చేది. దాని లెక్కలు సార్ ఊరికే చూసిపెట్టేవారు. తండ్రులు పోయిన వయసు చూసి చందా పెట్టుకున్నారు, కొడుకులు అంతకంటే చాలాకాలం ఉంటారు, పెంచండి అని ఏటా చెప్పేవారు. పెద్దల చావు లెక్కగట్టడం అపశకునమని వాళ్లు చాయ్ తాగించి పంపేవారు. ఒకాయనైతే తన తండ్రి ఎన్నడు పోతాడో చెప్పడానికి మీరెవరని లొల్లి పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. సార్ మాత్రం కోప్పడలేదు.

"పోతడని కాదు భాయ్, ఉంటడని చెప్తున్న," అన్నారు.

చివరికి అదే అయింది. పోయినేడు నిధి అడుగంటి, ముసలివాళ్లకిచ్చేది సగానికి కోశారు. అప్పటినుంచి సార్ పత్తర్‌గట్టి దారి మానేసి, హుస్సేనీ ఆలంలోని ఇంటికి చుట్టుతిరిగి పోయేవారు. కనబడితే ఆ పెద్దలు నూరేళ్లు బతకమని దువా ఇస్తారట, అది వినలేనన్నారు. ఆ బెంగే ఆయన్ను తినేసిందని నా నమ్మకం. దీనికి లెక్కేమీ లేదు.

జనాజాకు, సార్ అంతిమయాత్రకు, ఆ ముసలివాళ్లంతా వచ్చారు. కుర్రవాళ్లు భుజం మార్చుకుంటామన్నా వినలేదు. మోకాళ్లు వంగని చాచా ముందువరుసలో పాడె పట్టుకున్నారు. నాలుగడుగులు వేయడం, ఆగడం. వెనక ఆటోలు హారన్ కొట్టకుండా నిలబడ్డాయి. ఉంటారని సార్ చెప్పినవాళ్లంతా ఉన్నారు. వణికే మెడలు పక్కకు వంచి, ఆయనను మోసుకుపోతున్నారు.