తులసికి చోటు చెప్పినావిడ

కెనడాలో కామ్‌లూప్స్ ఊరి దగ్గరి ఎండుకొండల్లో, మేం ఇల్లులా వాడుకుంటూ తిరుగుతున్న ఆర్వీ బండిలో హీటర్ పాడైంది. ఇంట్లో నీళ్లు పోసేవాళ్లు లేక వెంట తెచ్చుకున్న తులసి ఆ రాత్రి చలికి బతుకుతుందా అని నా బెంగ. పెట్రోల్ బంకులో కుండీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

“రాత్రికి బండి ఆపుకోడానికి ఏటి పక్కనే క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేశా. నీ తులసమ్మకి మంచి వ్యూ!” అన్నారు మావారు.

పక్క ఆర్వీలోంచి దిగిన తెల్లజుట్టు కెనడా ఆవిడ కుండీ చూసి, “టమాటానా?” అని ఇంగ్లిష్‌లో అడిగింది.

“కాదండీ, మా దేవత.”

ఆవిడ నవ్వలేదు. “అయితే ఏటి పక్కన వద్దు డియర్. రాత్రి చలంతా పల్లంలోకే దిగుతుంది. కొండవాలు మీది క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లండి” అని, తన ఉన్ని మఫ్లర్ తీసి కుండీకి చుట్టింది.

మావారు బుకింగ్ మార్చారు.

తెల్లవారి చూస్తే కింద ఏటి ఒడ్డంతా మంచు పేరుకుంది. పైన మా తులసి పచ్చగానే ఉంది. ఆవిడ పేరైనా అడగలేదు. ఇప్పటికీ చలికాలం దీపం పెట్టాక, కుండీకి చుట్టిన ఆ మఫ్లర్‌ను కళ్లకద్దుకుంటాను.