సుంకులమ్మకు ఎగిరిన కనుబొమ్మ

సుంకులమ్మ తల్లి చేత ఎడమ కనుబొమ్మ ఎగరేయించిన మహానుభావుణ్ణి నేనే. మాట వరసకు అనడం కాదు, రాతిలో ఎగరేయించినా. పాములపాడు పక్కన ఒక పల్లెలో గుడి కట్టుకొని, సున్నం కొట్టుకొని, మేళం మాట్లాడుకొని, చుట్టాలందరినీ పిలుచుకొని కూర్చుంటే, వాళ్ళ దేవతను నేను టీవీ సీరియల్లో విలన్ అత్త మాదిరి తయారుచేసి పెట్టినా. మీకు నవ్వొస్తాది. నవ్వండి. ఆ పొద్దు నాకైతే చెమట అరికాళ్ళ దాకా దిగింది.

ముందు నా సంగతి చెప్పాల. మాది ఆళ్ళగడ్డ. మా తాత, మా నాయన, నేను, అందరమూ రాయి కొట్టి దేవుళ్ళను చేసినోళ్ళమే. బడి గడప తొక్కినోళ్ళు ఎవురూ ల్యారు. విచిత్రమేందంటే, చదువు రాకముందే నేను అక్షరాలు చెక్కినా. గుడికి స్తంభం ఇచ్చినోళ్ళ పేర్లు బండ మీద ఎవురో సుద్దతో రాసిచ్చేది, నేను ఆ గీత మీద ఉలి నడిపేది. ఏం రాసినారో నాకేం తెలుసు? నా లెక్కలో 'జ' అంటే ముడుచుకొని పండుకున్న పిల్లి. 'ఖ' అంటే తోక ల్యాని నెమలి. పిల్లి బాగా కుదిరిందా, నెమలి బాగా కుదిరిందా, అంతే చూసేది.

యాభై దాటినాక చదువొచ్చింది. టీవీ వల్ల వచ్చిందంటే మీరు నమ్మరు. టీవీ ముందర కూర్చున్న మా లచ్చుమ్మ వల్ల వచ్చింది. లచ్చుమ్మ నా పెండ్లాం. బండి ఆత్మకూరు బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్న మనిషి. నంద్యాల బజార్లో కొన్న డబ్బా టీవీ అది, వెనకాల గూని ఉండేది. సీరియల్ అయిపోయే ముందర తెర కింద అక్షరాలు పరిగెత్తేవి, రేపు ఏం జరుగుతుందని.

"ఏం రాసినారే?" అని అడిగేటోణ్ణి.

"నీకు కండ్లు ల్యావా?"

"కండ్లుండాయి. చదువు ల్యా."

"అయితే నేర్చుకో. రోజూ నీకు చదివి పెట్టేదానికి నేనేమన్నా పంతులమ్మనా?"

రేపు ఏమైతుందో తెలీక కడుపుబ్బరం పట్టలేక నేర్చుకున్నా. లోకంలో జనం ఉద్యోగానికి చదువుతారు, పుణ్యానికి చదువుతారు. నేను కోడలు బతికిందా చచ్చిందా తెలుసుకునేదానికి చదివినా.

ఇప్పుడైతే ఫోన్లో కూడా చూస్తా. సీజన్లంట. మా కాలంలో సీజన్ అంటే మామిడికాయలకు, పెండ్లిండ్లకు. ఇప్పుడు కథలకూ వచ్చింది. నా అభిప్రాయం మీరు అడగలేదు, అయినా చెప్తా. మొదటి సీజన్ కథ ఉందని తీస్తారు. రెండోది జనం అడిగినారని తీస్తారు. మూడోది ఎవురూ వద్దనలేదని తీస్తారు. బొమ్మ చెక్కేటోనికి ఉలి యాడ ఆపాలో తెలియాల. ముక్కు బాగా వచ్చింది గదా అని ఇంకో దెబ్బ, ఇంకో దెబ్బ కొట్టుకుంటా పోతే కడకు ముక్కే మిగలదు. సీరియల్ తీసేటోళ్ళకు ఆ బుద్ధి ల్యా. చచ్చినోణ్ణి లేపుతారు. లేచినోనికి మతిమరుపు పెడతారు. మతి తిరిగొచ్చేలోపల ముఖం మార్చి ఇంకొకణ్ణి తెస్తారు. ఏందీ అంటే ఆపరేషన్ అయిందంటారు. రాయికి కూడా అన్ని ఆపరేషన్లు చెయ్యమప్పా మేము.

ఎన్ని వచ్చినా 'నాలుగు గడపలు' మొదటి సీజన్ ముందర అన్నీ దిగదుడుపే. దాంట్లో అత్త పేరు వజ్రేశ్వరి. అబ్బా, ఏం మనిషి! పాలల్లో మందు కలిపే ముందర, వీలునామా మార్చే ముందర, కోడల్ని మెట్ల మీద నుంచి తోసే ముందర, ఎడమ కనుబొమ్మ ఒక్కటే ఎగరేసేది. డమ డమ డమ అని వాయించేటోళ్ళు. ఆ కనుబొమ్మను పక్కనుంచి చూపించేటోళ్ళు, కిందనుంచి చూపించేటోళ్ళు, మళ్ళీ మొదటినుంచి చూపించేటోళ్ళు. అది లేచి దిగేలోపల లచ్చుమ్మ చేటలో బియ్యం ఏరడం అయిపోయేది.

ఆ సీరియల్ ఉడుకు మీద ఉన్నప్పుడే వచ్చినాడు ఓబులేసు. పాములపాడు పక్క పల్లెలో పెద్దమనిషి. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని మాట్లాడే మర్యాదస్తుడు.

"అన్నా, మా ఊర్లో సుంకులమ్మకు గుడి కడుతాండాం. ఇన్నాళ్ళూ పసుపు పూసిన రాయే మాకు తల్లి. ఇప్పుడు ముఖం కావాల. చల్లని ముఖం. చూస్తే కడుపులో బాధ చెప్పుకోబుద్ది కావాల."

"మీ నాయన కాలంలోనే రావాల్సింది మా ఇంటికి" అన్నా నేను గొప్పగా. "చల్లదనమంటే మాదే."

ఈడ మా పనిలో ఒక కట్టుబాటు చెప్పాల. ఒళ్ళూ, కాళ్ళూ, చేతులూ ఎప్పుడైనా చెక్కొచ్చు. ముఖం మాత్రం పొద్దున్నే తానం చేసి, మాట్లాడకుండా చెక్కాల. మా నాయన అనేటోడు, "ముఖం చెక్కేటప్పుడు మనసులో ఎవురుంటే రాతిలోకి వాళ్ళే వస్తారు రా" అని. ఆయన ముఖం పని పట్టినప్పుడు మా అమ్మ దగ్గు కూడా కొంగులో దాచుకునేది.

మరి నేనేం చేసినా? పండగ దగ్గర పడింది, పని వెనకపడింది. సాయంత్రం కూడా ముఖం మీద కూర్చుంటే గానీ తెమలదు. సాయంత్రమంటే వజ్రేశ్వరి వచ్చే వేళ. రెండింట్లో ఒకటి వదులుకోవాల. నాకు ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. టీవీని ఎత్తుకొచ్చి కొట్టంలో, అమ్మవారి బొమ్మ పక్కనే, బండ మీద పెట్టినా.

వైరు లాగింది మస్తాన్. మా పక్క అంగట్లో టీవీలు బాగుచేస్తాడు. బాగుచేసేది తక్కువ, చూసేది ఎక్కువ. నాతో పాటు 'నాలుగు గడపలు'కు సొంత బిడ్డ మాదిరి కావలి కాసినోడు.

"అన్నా, ఒక కన్ను ఈడ, ఒక కన్ను ఆడ పెట్టి చెక్కుతాండావు. ఏమీ కాదు గదా?"

"నా చెయ్యికి కండ్లుండాయిలే మస్తానూ. నువ్వు సౌండు పెంచు."

ఇట్లాంటి మాటలు మనిషి నోట్లోంచి వచ్చేటప్పుడు ఎవురన్నా ఒక దెబ్బ వేస్తే బాగుండు. ఎవురూ వెయ్యరు.

ఆ వారమంతా కథ చివరి మలుపులో ఉండాది. కోడలు మల్లిక నిజం తెలుసుకునింది, వజ్రేశ్వరి బొమ్మ ఎగరేస్తాంది, డమ డమ డమ, నా సుత్తి కూడా టక టక టక. మేళం బాగా కుదిరింది. పని బిరబిరా సాగింది. నేను మురిసిపోయినా.

పని అయినాక రాతికి నూనె పడతాము. పొడి రాయిలో ముఖం సగమే తెలుస్తాది. నూనె తాగితే నల్లగా నిగనిగలాడి అప్పుడు బయటికొస్తాది. పల్లెవాళ్ళు రేపు వస్తారనగా లచ్చుమ్మ గుడ్డతో నూనె రాస్తాంది. రాస్తా రాస్తా ఆగింది.

"ఏమయ్యా."

"ఏందే?"

"ఈ యమ్మ నన్ను ఎందుకు అట్ల చూస్తాంది? నేనేం చేసినా ఈమెకు?"

దగ్గరికి పోయి చూసినా. కండ్లు ఇంకా తెరవలేదు, అవి కడాన గుడికాడ చెక్కి తెరిచేది. కండ్లు ల్యాకుండానే ఆ తల్లి నన్ను ఎగాదిగా చూస్తాంది. మూతి ఒక పక్కకు పదునుగా తిరిగింది. ఎడమ కనుబొమ్మ, గీసినట్టు సన్నగా, నుదుటి మీదికి ఎక్కి కూర్చొని ఉండాది.

మస్తాన్ టీ గ్లాసు పట్టుకొని వచ్చినాడు. చూసినాడు. గ్లాసు కింద పెట్టినాడు.

"యా అల్లా. వజ్రేశ్వరి."

"నోరు మూసుకోరా!"

"మూసుకుంటా అన్నా. నేను మూసుకుంటా. ఆ ఊర్లో టీవీలు మూసుకుంటాయా?"

లచ్చుమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతాంది. నేను ఉలి పట్టుకున్నా, యాడ పెట్టాలో తెలీక మళ్ళీ కింద పెట్టేసినా. రాయికీ బంగారానికీ అదే తేడా. బంగారంలో తప్పు పోతే కరిగిస్తారు. రాయిలో తీసేదే ఉంటాది, తిరిగి పెట్టేది ల్యా. పైగా ఆ ఊరోళ్ళు తరతరాలు ఆ ముఖం ముందర నిలబడి బిడ్డల కోసం, వానల కోసం మొక్కుకోవాల. వాళ్ళు కొబ్బరికాయ పట్టుకొని తలెత్తితే, పాలల్లో మందు కలిపే అత్త కనపడితే? పీఠం మీద మా నాయన పేరు కూడా చెక్కినా, అక్షరాలు వచ్చినాయి గదా అని, సొంతంగా, ఎంతో ముద్దుగా. ఇప్పుడు ఆయన్ని కూడా తిడతారు.

పొద్దున్నే ట్రాక్టరులో గడ్డి పరుచుకొని వచ్చినారు. కండ్లు తెరిచేదాకా ముఖం ఎవురికీ చూపకూడదనే ఆచారం ఒకటి ఉండాది. ఆ ఆచారం పెట్టిన పెద్దాయన ఎవురో గానీ, ఆయనా ఏదో ఒక తప్పు చేసినోడే అయింటాడు. కొత్త గుడ్డ తెచ్చి అమ్మవారి ముఖానికి బిగించి కట్టినా. ఓబులేసు వాళ్ళమ్మ నాగమ్మవ్వ ట్రాక్టరు దిగి నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఒక్కసారి ఓరగా చూపియ్యప్పా. ముసిల్దాన్ని, రేపటికి ఉంటానో ల్యానో."

"ఉంటావులే అవ్వా. చూడకూడదు."

"చల్లగా వచ్చిందా ముఖం?"

"వచ్చింది" అన్నా. గుడ్డ ముడి ఇంకొంచెం బిగించినా.

గుడికాడ తెర కట్టినారు. తెర లోపల నేను, అహోబిలం నుంచి వచ్చిన అయ్యవారు, అమ్మవారు, అంతే. బయట తప్పెట్లు. నేను గుడ్డ విప్పినా. అయ్యవారు మంత్రం మధ్యలో ఆగిపోయినాడు.

"ఈ తల్లిని నేను యాడో చూసినానయ్యా" అన్నాడు మెల్లగా.

"మీరు తపస్సంపన్నులు స్వామీ. దర్శనం అయింటాదిలే."

"అయింది. రోజూ అవుతాంది. అన్నం తినే వేళకు, మా ఇంట్లో."

ఆయన కాళ్ళు పట్టుకున్నా. "స్వామీ, మంత్రం కొంచెం నిదానంగా చదవండి. నాకు టైము కావాల."

ఆయన దయగలవాడు. సీరియల్ చూసేటోళ్ళకు సాగదీయడం ఒకరు నేర్పాలనా? ఒక్కొక్క మంత్రాన్ని జీడిపాకం మాదిరి లాగినాడు.

నేను విగ్రహం ముందర కూర్చున్నా. మూతి పదును తీసి మెత్తన చేసినా. అది కుదిరింది. ఎడమ కనుబొమ్మ మాత్రం ఇప్పటికే వెంట్రుకంత సన్నం, ఉలి తగిలితే మొత్తానికే ఊడుతుంది. దించేదానికి దారి ల్యా. కుడి బొమ్మ ఇంకా మందంగా ఉండాది. దాని కింద రాయి తీసేస్తే అది కూడా పైకి లేచినట్టు కనపడుతుంది. ఒకటి దిగకపోతే రెండోదాన్ని ఎక్కించాల్సిందే. ఆ పొద్దు ఊపిరి బిగబట్టి, మనసులో మా నాయనను తలుచుకొని, మాట్లాడకుండా చెక్కినా. పూర్తిగా కట్టుబాటు ప్రకారం. ముందే అట్ల చేసింటే ఈ కత ఉండేది కాదు.

బయట ఓబులేసు అరుస్తాండాడు. "అన్నా! కండ్లు తెరిచేదానికి ఇంతసేపా?"

"తల్లి నిద్ర గట్టిదప్పా!"

"తెర కిందినుంచి దుమ్ము వస్తాంది?"

"విభూతి!" అన్నాడు అయ్యవారు. ఆయన్ని ఈ జన్మలో మర్చిపోను.

కడకు కండ్లు తెరిచినా. తెర తీసినారు. తల్లి మొదటి చూపు పడేదానికి ఎదురుగా అద్దం పట్టినారు. అద్దం పక్కకు జరిగింది. ఊరంతా తలెత్తి చూసింది. తప్పెట్లు ఆగిపోయినాయి.

రెండు కనుబొమ్మలూ పైకి లేచి, కండ్లు విప్పార్చుకొని, అమ్మవారు ఊరిని చూసి నోరెళ్ళబెట్టినట్టు ఉండాది. ఇంటికొచ్చినోళ్ళు ఏదో చెప్తే "అవునా! నిజంగానా!" అంటామే, సరిగ్గా అట్ల.

నేను చెప్పుల కోసం వెతుకుతాండా. ఉరికేదానికి.

నాగమ్మవ్వ ముందుకొచ్చింది. చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి కండ్లనీళ్ళు పెట్టుకొని, "చూడండే, నేను ఇంకా ఏమీ చెప్పనే లేదు, తల్లి అప్పుడే వింటాంది!" అనింది. అంతే, తప్పెట్లు మొదలు. ఆడోళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి మొగుళ్ళ మీద, తోడికోడళ్ళ మీద చెప్పుకోవడమే. ఏం చెప్పినా తల్లి "అవునా!" అంటాంది. అంత ఓపికగా వినే మనిషి ఆ ఊర్లో అంతవరకు ఎవురూ ల్యారంట.

బతికిపోయినా అనుకున్నా. మరుసటి ఏడు 'నాలుగు గడపలు' రెండో సీజన్ వచ్చింది. వచ్చీ రాగానే వజ్రేశ్వరిని మంచిదాన్ని చేసేసినారు. ఆ పాపాలన్నీ ఆమె కవల చెల్లెలు చేసిందంట. వజ్రేశ్వరి ఇప్పుడు అనాథలకు అన్నం పెడుతాంది, అదే బొమ్మ ఎగరేసి. లచ్చుమ్మ పడీ పడీ నవ్వింది. నేను టీవీ మీదికి తలగుడ్డ విసిరేసినా.

ఆ ఏడు జాతరకు ఇద్దరమూ పోయినాము. నాగమ్మవ్వ నన్ను గుడి వెనక్కి పిలిచింది.

"ఒక మాట చెప్తా, ఎవురికీ చెప్పొద్దు. ఆ పొద్దు తెర సందులోంచి చూస్తి నేను. నువ్వు గుడ్డ విప్పినప్పుడు."

"ఏం చూసినావవ్వా?"

"ముందున్న ముఖం. వజ్రేశ్వరి ముఖం." నిట్టూర్చింది. "అట్లే ఉండనిచ్చింటే ఎంత బాగుండునప్పా. ఎంత మంచి మనిషి ఆ యమ్మ!"

ఆ మాట ఇంటికి వచ్చేదాకా బస్సులో లచ్చుమ్మ తలుచుకొని తలుచుకొని నవ్వింది. నా భుజం మీద తలపెట్టి నవ్వింది. ఇప్పుడు లచ్చుమ్మ ల్యా. మూడో సీజన్ ఫోన్లో వస్తాంది. కింద అక్షరాలు పరిగెత్తుతాయి. పక్కన ఎవురూ ల్యాకపోయినా పైకి చదువుతా. తప్పు చదివితే "నీకు కండ్లు ల్యావా?" అంటాదేమో అని ఒక్క క్షణం ఆగుతా. సీజన్ మాత్రం ఏమీ బాగలేదు, అది వేరే సంగతి.

అందుకని, మా నాయన ఉలి మీద చెయ్యి వేసి, సుంకులమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తాండా. ఇక ఈ కట్టెలో ఊపిరి ఉన్నంతవరకు అమ్మవారి ముఖం చెక్కేటప్పుడు సీరియల్ చూడను. నంది చెక్కేటప్పుడు మాత్రం చూస్తా. నందికి కనుబొమ్మలు ల్యావు గదా.