తరవాణి కుండ పక్కన బకెట్టు

మా కోడలు వంటింట్లో సింకు కింద ఒక బకెట్టు పెట్టింది. దానికి బిగుతైన మూత, అడుగున చిన్న కుళాయి, పక్కన పొట్లంలో పుల్లటి వాసన వేసే తవుడు. కూరగాయల తొక్కలూ మిగిలిన అన్నమూ టీ పిప్పీ అందులో వేసి, పైన గుప్పెడు తవుడు చల్లి మూత నొక్కేస్తుంది. అదంతా ఇంట్లోనే పులిసి, తర్వాత మట్టిలో కలిపితే మొక్కలకు ఎరువవుతుందట. మొన్న తను మూత తీసే వేళకు నేను అక్కడే కూర్చుని అట్టు తింటున్నాను. ఊరుకోలేక, ఇదేమంత కొత్త విద్య కాదమ్మా, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఈ పని మొట్టమొదట చేసినవాణ్ణి నేనే, అప్పట్లో మా బకెట్టు చూడ్డానికి సెక్టారు సెక్టారంతా మా మెట్లెక్కింది అన్నాను.

"అచ్ఛా మావయ్యా? అయితే చూసి చెప్పండి, ఠీక్ హై కదా" అని తను బకెట్టును నా ముక్కు కిందికి తెచ్చింది. అట్టు పక్కన పెట్టేశాను. ఆ పూటకు మరి తినలేదు.

క్వార్టర్లలో కాపురాలు చేసిన మీలాంటి వాళ్ళ దగ్గర కోతలు కోసి లాభం లేదు కనుక ఒప్పేసుకుంటున్నాను. సెక్టారంతా రాలేదు. వచ్చినవాడు కింది క్వార్టరు బిహారీ ఆయన ఒక్కడే. ఆయనైనా బకెట్టు చూడ్డానికి రాలేదు. "భయ్యా, మీ ఇంట్లో చూహా చచ్చిందా" అని, ఎలుకను వెతకడంలో సాయం చేద్దామని చీపురు పట్టుకుని వచ్చాడు.

తొంభైల మొదట్లో మాట. కింద ఉన్నవాళ్ళకు ఇంటి చుట్టూ జాగా ఉండేది, గులాబీలూ బొప్పాయిలూ వేసుకునేవారు. పై అంతస్తు వాళ్ళం మాకు బాల్కనీలో కుండీలే గతి. మా షిఫ్టులో మాకు పైవాడైన మలయాళీ చార్జిమాను ఒకాయన, వంటింటి చెత్తను గాలి చొరకుండా మూసి పులియబెడితే కుళ్ళదనీ, ఊరగాయలా ఊరుతుందనీ, మంచి ఎరువనీ చెప్పాడు. నీళ్ళు ఎప్పటికప్పుడు వంపేయాలనీ, మూత గట్టిగా ఉండాలనీ కూడా చెప్పే ఉంటాడు. కోక్ ఓవెన్ల రొదలో నాకు వినపడింది పులుపు ఒక్కటే. పులుపు కావాలంటే మా ఇంట్లో తరవాణి కుండ ఉండనే ఉంది.

ఆ కుండ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రోజూ వార్చిన గంజి పోయడం, పాత పులుపు కొత్త గంజిని పులియబెట్టడం, ఎప్పుడూ అడుగంటా ఖాళీ చేయకపోవడం. మా ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో మా వదిన, భిలాయి-3 రైల్వే క్వార్టర్లలో ఉండేది, తన కుండలోంచి చెంబుడు పోసి ఇచ్చిన పులుపు అది. నేను ఈ ఎరువు పని మొదలెట్టిన వేసవిలో మా ఆవిడకు మూడో నెల. వేవిళ్ళు ఎలా పట్టుకున్నాయంటే మంచినీళ్ళు తాగినా బయటికి వచ్చేసేవి. పొద్దున్నే తరవాణిలో వేసిన అన్నం, ఒక ఉల్లిపాయ, ఇవే లోపల నిలిచేవి. ఇంకాస్త నీరసిస్తే ఆస్పత్రిలో పెట్టి సెలైను ఎక్కించాలని డాక్టరమ్మ చెప్పింది కూడా. అంటే ఆ మనిషీ, ఆమె కడుపులో ఉన్నవాడూ ఆ కుండ మీదే బతుకుతున్నారు.

నేను ఒక రంగు డబ్బా బకెట్టు తెచ్చి, మూత పగిలిన చోట గోనెపట్టా కట్టి, కుండ పక్కనే పెట్టాను. చేప పొలుసులు, రొయ్య తలకాయలు, పుచ్చకాయ చెక్కలు, ముందురోజు పప్పు, ఏదీ వదల్లేదు. గరిటెతో తరవాణి తీసి అందులో పోయడం, కలియబెట్టడం, అదే గరిటె మళ్ళీ కుండలో ముంచడం. తలచుకుంటే ఇప్పటికీ నాలుక మీద ఏదో పాకినట్టుంటుంది. వారం తిరక్కుండానే గోనెపట్టా తడిసి నల్లబడింది. ఎత్తి చూస్తే పైన బూజు, బూజు కింద జిగురు, జిగురులో తెల్లగా మెసులుతున్న పురుగులు. అవి తింటున్న చప్పుడు వినపడిందంటే నమ్మండి. సరే, చప్పుడు వినపడలేదు. మిగతాదంతా నిజం.

మర్నాడు పొద్దున మా ఆవిడ తరవాణి అన్నం నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. కుండ మీద మూత తీసి వాసన చూసి, గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ రోజంతా ఏమీ తినలేదు, తిన్నదేదీ నిలవలేదు. సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి.

నేను చేతికందిన కేను పట్టుకుని స్కూటరు తీసి భిలాయి-3 పరిగెత్తాను. సంగతంతా విని మా వదిన, "ఏటి మరిదీ, కడుపుతో ఉన్న మనిషి తినే కుండలో పెంట కలిపినావా, నీకు ఎరువు కావాలంటే మా గేదె లేదా" అని, తిడుతూనే తన కుండలోంచి పులుపు పోసి ఇచ్చింది. ఆ కేనును కాళ్ళ మధ్య ఇరికించుకుని, చుక్క తొణక్కుండా ఇంటికి చేర్చాను. కుండ కొత్తది కొన్నాను, పులుపు పోశాను, మా ఆవిడ మళ్ళీ నాలుగు మెతుకులు తినగలిగింది. ఆ బకెట్టును ముక్కుకు తువ్వాలు కట్టుకుని నేనే మోసుకెళ్ళి గొయ్యిలో పూడ్చాను.

ఇప్పుడు మేముంటున్న కుమ్హారిలో మా వీధి మొత్తం గాలించినా తరవాణి కుండ లేదు. కుక్కర్లు వచ్చాక గంజి వార్చేవాళ్ళే లేరు. ఒకరింట్లో పులుపు చెడితే ఇంకొకరింటికి చెంబు పట్టుకెళ్ళే రోజులు పోయి, పులుపు పొట్లాల్లో వస్తోంది, అదీ చెత్తకు. ఆనాడు మనుషులు తాగినదాన్ని ఇవాళ తొక్కలు తాగుతున్నాయి. ఆ వాసనంటే ఎంత రోతగా ఉన్నా, మా వదిన పోసిన ఆ పులుపు మాత్రం ఇంకోసారి నోట పడితే బాగుండుననిపిస్తుంది.

ఇంతవరకూ రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది, చెయ్యి ఆపలేదు.

"చుక్క తొణకలేదు గాని, మీరు పట్టుకెళ్ళింది ఆ బకెట్టులోని నల్లనీళ్ళు వంపిన కేనే. కడగనైనా లేదు. మీ వదిన పోసిందంతా దార్లోనే కంపెత్తిపోయింది. మర్నాడు ఆవిడే కొత్త కుండ సంకనెట్టుకొని, ఎండలో టెంపో ఎక్కి వచ్చింది. మీరు వాంతులు చేసుకుంటూ బాల్కనీలో కూకున్నారు. బకెట్టు మోసిందీ, కడిగిందీ ఆవిడే."