వాషింగ్టన్‌లో ఈస్టర్ ఉదయం

పాప పోయిన మూడో నెలలో మేం అమెరికా వెళ్లాం. ఏడో నెలలో కడుపులోనే పోయింది. ఆ తర్వాత నా భార్య హైదరాబాద్‌లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నార్త్ కరోలైనాలోని మోరిస్‌విల్‌లో ఉండే వాళ్ల అక్క, కొన్నాళ్లు తన దగ్గర ఉండమని పిలిచింది. ఈస్టర్‌కి మమ్మల్ని కార్‌లో వాషింగ్టన్ తీసుకెళ్లింది. దేశాధ్యక్షుల అంత్యక్రియలప్పుడు టీవీలో చూపించే పెద్ద కెథెడ్రల్ అక్కడే ఉంది. అక్కచెల్లెళ్లిద్దరూ చర్చిలో పెరిగినవాళ్లు. నేను పెళ్లయ్యాకే, అదీ క్రిస్మస్‌కి మాత్రమే, చర్చికి వెళ్లినవాణ్ణి.

లోపలంతా లిల్లీ పూల వాసన. ఆర్గన్ మోగినప్పుడల్లా కూర్చున్న బల్ల సన్నగా అదిరేది. నా భార్య తెల్ల చీర కట్టుకుంది. చిన్నప్పటినుంచీ వచ్చిన పాటలే అయినా పెదవి కదపలేదు.

ప్రసంగం అయ్యాక ఫాదర్ పసిపిల్లల్ని ముందుకు తీసుకురమ్మన్నారు. ఆ రోజు బాప్తిస్మాలు ఉంటాయని వదినకి తెలియదు. కంగారుగా చెల్లెలి వైపు చూసింది. తల మీద నీళ్లు పడగానే పొడుగు తెల్లగౌన్లలోని పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఏడవసాగారు. మా పాప ఏడుపు మేం వినలేదు.

"బయటికి వెళ్దామా?" అని నా భార్యని అడిగాను.

"వద్దు. చూడనీ," అంది.

పక్కనున్న ముసలావిడ నవ్వుతూ, మీకు పిల్లలున్నారా అని ఇంగ్లీషులో అడిగింది. ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి లేరని నేనే చెప్పేవాణ్ణి. నేను నోరు తెరిచేలోపే నా భార్య, ఒక కూతురని, పుట్టకముందే పోయిందని చెప్పింది. ఆ మాట తన నోట వినడం అదే మొదటిసారి.

ఆవిడ నా భార్య చేయి పట్టుకుని, పాపకి పేరు పెట్టారా అని అడిగింది. నా భార్య ఒక పేరు చెప్పింది. నేనెప్పుడూ వినని పేరు. ముసలావిడకి నోరు తిరగలేదు. నా భార్య మళ్లీ నిదానంగా చెప్పింది. సరిగ్గా పలికేదాకా ఆవిడ ఊరుకోలేదు.

బయట పచ్చిక మీద కూర్చున్నాక, ఆ పేరు ఎప్పుడు అనుకున్నావని అడిగాను.

"ఐదో నెలలో. పుట్టాక నీకు చెబుదామనుకున్నా."

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు. నేనూ ఆపుకోలేకపోయాను. కొత్త బట్టల్లో జనం మా పక్కనుంచే వెళుతున్నారు. వదిన కాఫీలు తెచ్చి, ఏమీ అడక్కుండా పచ్చిక మీదే మా దగ్గర కూర్చుంది.

మాకు మళ్లీ పిల్లలు కలగలేదు. పాప మాట వస్తే ఇప్పుడు ఆ పేరుతోనే తలుచుకుంటాం.